మా ఊరి మీద వెలుగు కనిపిస్తే విచారణ ఒక్క కాగితంతో ముగిసింది. అధికారిక విచారణ అంటే ఇంతేనా?

పత్తికొండ_రైతుబిడ్డ
మాది పత్తికొండకు పడమర దిక్కున ఉన్న చిన్న ఊరు. పోయిన వారం ఒక రాత్రి, చీకటి పడిన కాసేపటికి, పూసలు గుచ్చినట్టు వరుసగా దీపాలు వాయవ్యం నుంచి వచ్చి, నడినెత్తి మీదుగా తూర్పుకు పోతూ ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఊరంతా వీధిలోకి వచ్చింది. ఎవరో 112కు ఫోన్ చేయగా పోలీసులు, వారి వెనుక రెవెన్యూ సిబ్బంది వచ్చారు. అప్పటికి పడమటి గుట్టకు కొంచెం పైన ఒక పెద్ద వెలుగు కదలకుండా నిలిచి, ఎరుపు, పచ్చ రంగులు మారుతూ కనిపించింది. వచ్చినవారు కూడా దానిని కళ్ళారా చూశారు. వారు జీపులో గుట్ట దగ్గరికి చేరేలోపే ఆ వెలుగు గుట్ట వెనక్కు దిగిపోయింది. అక్కడ వెతికితే ఏమీ దొరకలేదు.

తిరిగి వచ్చి జీపు బానెట్ మీద తెల్లకాగితం పరిచి, సెల్‌ఫోన్ వెలుతురులో పంచనామా రాసి, ఊరి పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టించారు. "గుర్తు తెలియని వెలుగు కనిపించినదని గ్రామస్థులు తెలుపగా విచారించితిమి. డ్రోన్ అయి ఉండవచ్చును. ప్రాణ, ఆస్తి నష్టము లేదు." అందులో ఉన్నది ఇంతే. ఎన్ని గంటలకు, ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఎంతసేపు అన్నవి లేవు. మరునాడు జిల్లా పేజీలో డ్రోన్ అనే వచ్చింది. ఇలాంటివాటిని విచారించడానికి మన ప్రభుత్వంలో ఒక పద్ధతి, ఒక బాధ్యుడు ఉన్నారా, లేరా?

ఓర్వకల్లు_వాసి
ఇందులో మిస్టరీ ఏముంది? మా మండలంలోనే డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపింది అక్కడే. అదే ఏడాది జూలైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని పరీక్షించిందీ అక్కడే. మీరు చూసింది అలాంటిదే అయి ఉంటుంది.

వేగుచుక్క
ఓర్వకల్లు_వాసి గారూ, దిక్కు ఒకసారి సరిచూడండి. పత్తికొండ నుంచి ఓర్వకల్లు సుమారు డెబ్బయి ఎనభై కిలోమీటర్ల దూరంలో, తూర్పుకు కొంచెం ఈశాన్యంగా ఉంటుంది. వారికి వెలుగు నిలిచి కనిపించింది పడమర. ఓర్వకల్లులో ఏం జరిగినా పడమటి గుట్ట మీద కనిపించదు.

పెన్నేటి_గట్టు
ఎవరికీ దెబ్బ తగలలేదు, ఒక్క గొడ్డు కూడా పోలేదు. పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికే మనిషి నెలల తరబడి తిరుగుతున్న చోట, ఆకాశంలో దీపం గురించి తహసీల్దారు ఇంకా ఏం విచారించాలి? వచ్చి చూసి, కాగితం మీద పెట్టి వెళ్ళారు. నా దృష్టిలో అది చాలు.

రిటైర్డ్_ఆర్ఐ
నేను కడప జిల్లాలో రెవెన్యూలో పనిచేసి విరమించాను. ఆ కాగితం రాసినవారి తరఫున ఒక మాట చెప్పాలి. పిడుగు పడితే, చెరువుకు గండి పడితే, గడ్డివాము తగలబడితే ఏమి రాయాలో మాకు నమూనాలు ఉన్నాయి. ఆకాశంలో వెలుగుకు నమూనా లేదు. జనం గుమిగూడితే శాంతిభద్రతల కోసం వెళ్ళాలి, నష్టం ఉందో లేదో రాయాలి. వారు ఆ రెండు పనులూ చేశారు. కానీ "డ్రోన్ అయి ఉండవచ్చును" అన్న వాక్యం మాత్రం రాయకూడదు. పంచనామాలో చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. మా పాత తహసీల్దారు ఒకరు ఇలాంటి వాక్యం కనిపిస్తే కాగితాన్ని వెనక్కు తిప్పి పంపేవారు.

నల్లమల_నీడ
అమెరికా వైమానిక దళం 1947 నుంచి 1969 వరకు, 1952 తరువాత ప్రాజెక్ట్ బ్లూబుక్ పేరుతో, ఇలాంటివే 12,618 సంఘటనలను విచారించింది. ప్రత్యేక సిబ్బంది, ఖగోళ శాస్త్రవేత్త హైనెక్ సలహా, ఇవన్నీ ఉన్నా 701 సంఘటనలు గుర్తించబడనివిగానే మిగిలాయి. మన దగ్గర ఒక్క రాత్రిలో, ఒక్క కాగితంలో తేల్చేశారు. నా అభ్యంతరం అదే.

వేగుచుక్క
నల్లమల_నీడ గారి లెక్క సరైనదే. అయితే మిగతావాటిలో చాలావాటికి మామూలు కారణాలే దొరికాయి. నేను అనంతపురంలో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను, సెలవు రాత్రులలో దూరదర్శిని పట్టుకొని మిద్దె ఎక్కుతాను. పత్తికొండ_రైతుబిడ్డ గారు రాసినదానిని రెండు ముక్కలుగా విడదీసి చూడమని మనవి.

మొదటిది, వరుస దీపాలు. స్పేస్‌ఎక్స్ సంస్థ 2019 మే నెల నుంచి స్టార్‌లింక్ ఉపగ్రహాలను గుత్తులు గుత్తులుగా పంపుతోంది. మొదటి విడతలో ఒకేసారి 60 పోయాయి. పంపిన కొత్తలో అవి తక్కువ ఎత్తులో, ఒకదాని వెనుక ఒకటి వరుసగా తిరుగుతాయి, ఆ తరువాత విడిపోయి పైకి చేరుకుంటాయి. వాటికి సొంత వెలుతురు లేదు. మనకు చీకటి పడినా అంత ఎత్తున వాటి మీద ఇంకా ఎండ పడుతూ ఉంటుంది, భూమి నీడలోకి ప్రవేశించిన చోట ఒక్కొక్కటిగా మాయమవుతాయి. సాయంత్రం పూట ఆ నీడ తూర్పు వైపు నుంచి పైకి వస్తుంది. తూర్పుకు పోతూ ఒక్కొక్కటిగా ఆరిపోయాయని వారు గమనించి రాసిన ఆ ఒక్క వివరం చాలా విలువైనది. డ్రోన్లు అలా ఒకే చోట వరుసగా ఆరవు.

రెండవది పడమటి వెలుగు. అది శుక్రగ్రహం కావచ్చునని నా అనుమానం.

పత్తికొండ_రైతుబిడ్డ
వేగుచుక్క గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. పుట్టినప్పటి నుంచి చేను కాపలాకు పోయేవాళ్ళకు శుక్రుడు తెలియదా? గడియారం లేని రోజుల్లో వేగుచుక్క పొడిచిందని చూసి కాడి కట్టినవాళ్ళు మా పెద్దలు. ఇది రంగులు మార్చింది. మా తమ్ముడు తీసిన వీడియోలో పళ్ళెమంత గుండ్రంగా, అంచులు వణుకుతూ ఉంది.

నల్లమల_నీడ
నేనూ అదే అడగబోయాను. అనంతపురంలో కుర్చీలో కూర్చొని పత్తికొండ ఆకాశం గురించి తేల్చడానికీ, బానెట్ మీద తేల్చడానికీ తేడా ఏముంది?

వేగుచుక్క
తేల్చలేదు, అనుమానం అన్నాను, దానిని పరీక్షించే మార్గం కూడా చెబుతాను. ముందు 2012లో లడాఖ్‌లో జరిగింది వినండి. సరిహద్దులోని మన సైనికులు పాంగాంగ్ సరస్సు వైపు వెలుగులు చూసి, చైనా గూఢచారి డ్రోన్లనుకొని, 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి లోపల 329 సార్లు నమోదు చేశారు. వారు రోజూ రాత్రంతా ఆకాశం కిందే కాపలా కాసేవాళ్ళు, వారి చూపునూ నిబద్ధతనూ ఎవరూ శంకించలేరు. చివరకు భారతీయ ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు. వారు ముందుగా వేసుకున్న ప్రశ్న ఆ వస్తువు ఆకాశానికి చెందినదా, భూమికి చెందినదా అన్నది. నక్షత్రాలతో పాటు కదులుతున్నదా, వేరుగా కదులుతున్నదా అని చూస్తే అది తెలిసిపోతుంది.

ఇక రంగుల సంగతి. దిగంతానికి దగ్గరగా ఉన్న వెలుగు చాలా మందమైన గాలి పొరలను దాటి రావాలి. పగలంతా కాగిన నేల, గుట్టల మీద ఆ గాలి కదులుతూ ఉంటే ఎరుపు, పచ్చ తళుకులు కనిపిస్తాయి. సెల్‌ఫోన్ కెమెరా చీకట్లో దేని మీద దృష్టి నిలపాలో తెలియక వెతుక్కుంటుంది, అప్పుడు చుక్క కూడా పళ్ళెంగా మారుతుంది. వీడియోలో ఆ పళ్ళెం ఒకసారి చిన్నదై, ఒకసారి పెద్దదై ఉంటే అది కెమెరా చేసిన పనే.

పరీక్ష ఇది: రేపు అదే చోట, అదే సమయానికి నిలబడండి. చేయి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలి వెడల్పు 1 డిగ్రీ. గుట్టకు ఎంత పైన, ఏ చెట్టుకు ఏ పక్కన ఉందో కొలవండి. శుక్రుడైతే ఇంచుమించు అక్కడే ఉంటాడు. డ్రోన్ మళ్ళీ అదే చోటికి, అదే వేళకు రాదు.

గాలిమరల_సీమ
నేను ఉరవకొండ వైపు గాలిమరల నిర్వహణలో పనిచేస్తాను. ఎర్ర వెలుగు అంటే మా గాలిమరల తలమీద విమానాల కోసం పెట్టే ఎర్రదీపాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పొగమంచు రాత్రి కింది స్తంభం కనిపించదు, పై దీపం మాత్రం గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. కొత్తగా గాలిమరలు నిలబెట్టిన ఊళ్ళ నుంచి మాకు ఫోన్లు వస్తాయి. అయితే అవి ఆరుతూ వెలుగుతూ ఉంటాయి, గుట్ట వెనక్కు దిగవు. కాబట్టి ఇక్కడ అది కాదనే అనుకుంటున్నాను.

సీమ_మనవరాలు
మా అవ్వ ఈ మాటలు విని 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్న రోజుల గురించి చెప్పింది. ఎలాగూ పోతామని కోళ్ళు, పొట్టేళ్ళు కోసుకొని తిన్నవారు ఉన్నారట. చివరకు దాని ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. అప్పుడు ఊరికి వచ్చి ఇది ఇది అని వివరంగా చెప్పినవారు ఒక్కరూ లేరని అవ్వ ఇప్పటికీ కోప్పడుతుంది.

పెన్నేటి_గట్టు
సీమ_మనవరాలు గారి అవ్వ కోపంలో న్యాయం ఉంది. కానీ అప్పుడు నిజంగా ఏదో పడబోతున్నది. ఇక్కడ పడిందేమీ లేదు కదా?

రిటైర్డ్_ఆర్ఐ
పడితే ఎలా ఉంటుందో 2022 ఏప్రిల్ 2న మహారాష్ట్ర చూసింది. రాత్రి ఆకాశంలో మండుతూ పోయిన వెలుగులను విదర్భలోనూ మధ్యప్రదేశ్‌లోనూ జనం చూశారు. ఆ తరువాత చంద్రపూర్ జిల్లా సిందేవాహి ప్రాంతంలో పెద్ద లోహపు వలయం, గుండ్రటి ట్యాంకులు దొరికాయి. స్థానిక రెవెన్యూ, పోలీసు యంత్రాంగం వాటిని భద్రపరచింది, ఇస్రో నిపుణులు వచ్చి పరిశీలించారు. చైనా రాకెట్ దశ తిరిగి వాతావరణంలోకి వచ్చిందని నిపుణులు గుర్తించారు. అక్కడ పని చేసినవాళ్ళూ మా వంటి సిబ్బందే. ఒక జాగ్రత్త: అలాంటి ట్యాంకు పొలంలో కనిపిస్తే చేత్తో ముట్టరాదు, పిల్లలను దగ్గరికి పోనివ్వరాదు. లోపల విషపూరితమైన ఇంధనం మిగిలి ఉండవచ్చు.

వేగుచుక్క
మన తెలుగు నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. 2022 డిసెంబరు 7న హైదరాబాద్ ఆకాశంలో తెల్లగా గుండ్రంగా ఏదో కనిపించింది. తరువాత వికారాబాద్ జిల్లాలో ఒక వింత గుళిక పొలంలో దిగితే ఊళ్ళు భయపడ్డాయి. అది టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ తాలూకు పరికరమని అదే రోజు తెలిసింది. అడగవలసిన కార్యాలయం ఏదో తెలిస్తే సమాధానం ఎంత త్వరగా వస్తుందో చూడండి.

ఓర్వకల్లు_వాసి
అన్నిటికీ సమాధానం అంత త్వరగా రాదు. రక్షణ శాఖ పరీక్షలైతే ముందు చెప్పరు. 2022 డిసెంబరు 15 సాయంత్రం బెంగాల్, ఒడిశాలలో జనం వింత వెలుగు చూసి గందరగోళపడ్డారు. అది అగ్ని-5 ప్రయోగమని తరువాత తెలిసింది.

నల్లమల_నీడ
ఇంఫాల్ సంగతి కూడా చెప్పండి. 2023 నవంబరు 19న విమానాశ్రయం దగ్గర గుర్తు తెలియని వస్తువు కనిపిస్తే విమానాలను కొన్ని గంటలు ఆపేశారు, వైమానిక దళం రఫేల్ విమానాలను పంపింది. విమానాశ్రయం మీద కనిపిస్తే రఫేల్, శనగ చేను మీద కనిపిస్తే తెల్లకాగితం.

రిటైర్డ్_ఆర్ఐ
అక్కడ విమానాల భద్రత ఉంది కాబట్టి అలా జరిగింది, దానిని వివక్ష అనలేము. కానీ మధ్యేమార్గం ఒకటి ఉండాలి, అది ఫ్రాన్స్‌లో ఉంది. వారి అంతరిక్ష సంస్థలో 1977 నుంచి ఇందుకోసమే ఒక విభాగం పనిచేస్తోంది, ఇప్పుడు దాని పేరు జేపాన్, తులూజ్ నగరంలో ఉంది. ఊళ్ళలో వాంగ్మూలం తీసుకునేది అక్కడి పోలీసులే. విశ్లేషణ మాత్రం అంతరిక్ష సంస్థ చేస్తుంది. పూర్తిగా గుర్తించినవి ఒక తరగతి, బహుశా గుర్తించినవి ఇంకొకటి, సమాచారం చాలక తేలనివి మూడవది, మంచి సమాచారం ఉన్నా తేలనివి నాలుగవది. 2007 నుంచి ఆ దస్త్రాలను అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. మూడవ తరగతికీ నాలుగవ తరగతికీ మధ్య గీసిన ఆ గీత నాకు చాలా నచ్చింది. పత్తికొండ కాగితం మూడవ తరగతికి చెందుతుంది. అందులో సమాచారమే లేదు.

పత్తికొండ_రైతుబిడ్డ
వేగుచుక్క గారు చెప్పినట్టే చేశాము. నిన్న మబ్బు లేదు. అదే వేళకు, అదే గుట్ట మీద, తుమ్మచెట్టుకు ఎడమ పక్కన ఒక పిడికిలి ఎత్తున ఆ వెలుగు మళ్ళీ నిలబడింది, మళ్ళీ అలాగే రంగులు మార్చింది. మా తమ్ముడు ఫోన్‌లో స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్ పెట్టి చూస్తే అక్కడ శుక్రుడని చూపింది. కనుక రెండవ వెలుగు సంగతి తేలింది.

కానీ మూడవది ఒకటి ఉంది. దానిని కాగితం మీదికి ఎక్కించలేదు కాబట్టి నేనూ ఇక్కడ రాయలేదు. మా చిన్నాయన శనగ చేనుకు అడవిపందుల కాపలా పోయి మంచె మీద ఉన్నాడు. ఆ రాత్రే రెండు గంటల ప్రాంతంలో దక్షిణం వైపు పడమటి నుంచి తూర్పుకు నారింజ రంగు వెలుగు నిదానంగా పోతూ, మూడు నాలుగు ముక్కలై, ఒకదాని వెంట ఒకటి తోకలతో పోయిందట, చప్పుడు లేదట. ఉదయం పోయి చెబితే "పంచనామా రాత్రే అయిపోయింది, ఇంకేమీ అక్కరలేదు" అని పంపించారు. విన్నవారిలో కొందరు కొరివిదయ్యం అన్నారు. చిన్నాయనకు ఆ మాట నచ్చలేదు, తాను చూసింది ఆకాశంలో అని గట్టిగా చెబుతున్నాడు.

వేగుచుక్క
చిన్నాయన గారి మాటే ఈ మొత్తంలో అతి ముఖ్యమైన సాక్ష్యం, దానినే వదిలేశారు. ఉల్క సెకనుకు కనీసం 11 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, చాలాసార్లు అంతకంటే చాలా ఎక్కువ. సాధారణంగా రెండు మూడు సెకన్లలో ఆట ముగుస్తుంది. కక్ష్య నుంచి రాలే రాకెట్ ముక్క సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో, దాదాపు అడ్డంగా వస్తుంది. అందుకే నిదానంగా పోతున్నట్టు ఉంటుంది, ఒక్కోసారి నిమిషానికి పైగా కనిపిస్తుంది, సుమారు 80 కిలోమీటర్ల ఎత్తున ముక్కలవుతుంది. ఎంతసేపు చూశారు? ఎంత ఎత్తున?

పత్తికొండ_రైతుబిడ్డ
మంచె మీదికి ఆయనతో పాటు ఎక్కి అడిగాను. గడియారం చూసుకోలేదు, బీడీ అంటించబోయి ఆగి చూస్తూ ఉండిపోయాడు. ఆ చేతి కదలికలు మళ్ళీ చేయించి ఫోన్‌లో లెక్కపెడితే నిమిషానికి కాస్త తక్కువ వచ్చింది. బాగా ఎత్తున ఉన్నప్పుడు సరిగ్గా దక్షిణాన, కరెంటు స్తంభం కొస మీద. పిడికిలితో కొలిస్తే మూడు పిడికిళ్ళు.

దేవుని_కడప
ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను, ఇప్పుడు రాయక తప్పడం లేదు. అదే రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చి మిద్దె మీద పడుకోబోతూ నేనూ దానిని చూశాను. కడపలో అది దాదాపు నడినెత్తిన, కొంచెం దక్షిణానికి వాలి, పడమటి నుంచి తూర్పుకు పోయింది. ముక్కలు నాలుగు. ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

వేగుచుక్క
ఇప్పుడు లెక్క వేయవచ్చు. 80 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వస్తువు 30 డిగ్రీల ఎత్తులో కనిపించిందంటే, అది మీకు సుమారు 140 కిలోమీటర్ల దక్షిణాన పోయింది. అదే గీతను తూర్పుకు పొడిగిస్తే ఇంచుమించు రాయచోటి దరిదాపుల మీదుగా పోయిందన్నమాట. కడప నుంచి చూస్తే అది నడినెత్తికి కొంచెం దక్షిణంగా ఉండాలి, దేవుని_కడప గారు సరిగ్గా అదే చెప్పారు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరి మాటలు కలిశాయి. కాలకుండా మిగిలిన ముక్కలు ఉంటే ఇంకా చాలా దూరం తూర్పుకు పోయి ఉండాలి, బహుశా సముద్రంలోకి.

నల్లమల_నీడ
ఇది విచారణ. నేను కోరింది ఇదే.

పెన్నేటి_గట్టు
రాయచోటిలో మా మేనత్త వాళ్ళున్నారు. పడిందేమీ లేదు కదా అని అడిగినవాడిని నేనే, కాబట్టి అటు వైపు పొలాల్లో ఎవరికైనా ఏదైనా దొరికిందేమో నేనే కనుక్కుంటాను. దొరికితే ముట్టుకోవద్దని కూడా చెబుతాను.

స_హ_దరఖాస్తు
చేయవలసింది చెబుతాను. సమాచార హక్కు చట్టం కింద మండల స్థాయి కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి, మన రాష్ట్రంలో ఆ స్థాయిలో రుసుము 5 రూపాయలు. "డ్రోన్ అని ఎందుకు రాశారు" అని అడగకండి, అభిప్రాయాలు అడిగితే తోసిపుచ్చుతారు. ఉన్న కాగితాలు అడగండి: ఆ రాత్రి పంచనామా నకలు, పైకి పంపిన నివేదిక నకలు. స్టేషన్ జనరల్ డైరీలో ఆ రోజు నమోదు నకలు కావాలని పోలీసు శాఖకు వేరే దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. డీఆర్‌డీఓను అడిగి లాభం లేదు, చట్టంలోని రెండవ షెడ్యూలు కింద వారికి మినహాయింపు ఉంది. ఇస్రోకు ఆ మినహాయింపు లేదు.

రిటైర్డ్_ఆర్ఐ
దానితో పాటు చిన్నాయన గారి వాంగ్మూలాన్ని వేరే కాగితం మీద రాసి, ఆయన సంతకంతో తహసీల్దారుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఊహ ఒక్కటి కూడా రాయకండి. స్తంభం, పిడికిళ్ళు, ముక్కల సంఖ్య, రంగు, శబ్దం లేకపోవడం, ఇవే రాయండి. ఒక ప్రతిని కలెక్టరు ద్వారా బెంగళూరులోని ఇస్రో అంతరిక్ష భద్రతా కేంద్రానికి పంపమని కోరండి. ఉపగ్రహాలు, రాకెట్ శకలాల రాకపోకలను గమనించేది వారే. ఆ రాత్రి రెండు గంటలకు ఏది రాలిందో చెప్పగలిగినవారు ఉంటే వారే.

పత్తికొండ_రైతుబిడ్డ
కాగితం ఈ రాత్రికే రాస్తాను. దేవుని_కడప గారూ, మీ మాట కూడా రాసి పంపగలరా? ఒక్క ఊరి సాక్ష్యం కంటే రెండు ఊళ్ళవి కలిస్తే బరువు ఉంటుంది.

దేవుని_కడప
తప్పకుండా. రేపు పగటి పూట మిద్దె ఎక్కి దిక్సూచితో కొలిచి రాస్తాను. మా ఇంటికి దక్షిణాన నీళ్ళ ట్యాంకు ఉంది, వెలుగు దాని పై అంచుకు ఎంత పైనుంచి పోయిందో నాకు బాగా గుర్తుంది.